ఇంజన్ బేలో ఫ్యూయల్ పైపులు మార్చడం – నాలుగో పాఠం: బిగించినా వాసన ఎందుకు పోదు?

పోయిన పాఠం చదివి పని మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది ఒకే మాట చెప్పారు: "పైపులు మార్చాం, పెట్రోలు వాసన మాత్రం పోలేదు. క్లిప్పులు ఇంకా బిగించాం." క్లిప్పంటే రబ్బరు పైపును గొట్టానికి పట్టి ఉంచే పట్టీ. ఆ రెండో వాక్యం చూశాక ఈసారి చెప్పాల్సిన రిటర్న్ లైన్‌ను, అంటే మిగిలిన పెట్రోలును ట్యాంకుకు తిప్పి పంపే పైపును, పక్కన పెట్టాను. ముందు ఇది తేలాలి.

వాసన ఉన్నంతవరకూ బండి స్టార్ట్ చేయకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. కిందికి దిగి నేల వెంట పాకుతుంది, కాబట్టి నిప్పు దూరంగా ఉందని ధీమా పడొద్దు. ఇంజన్ చల్లారాక, లైన్లో ప్రెషర్ దించి, బ్యాటరీ నెగటివ్ తీసేశాకే చెయ్యి పెట్టండి. ఎలాగో రెండో పాఠంలో ఉంది.

ఇప్పుడు అసలు విషయం. రబ్బరు పైపు ఎక్కే ఇనుప గొట్టం చివర చుట్టూ చిన్న ఉబ్బు ఉంటుంది. క్లిప్పు ఆ ఉబ్బు దాటాక, గొట్టం నునుపుగా ఉన్నచోట కూర్చోవాలి. ఇరుకులో చెయ్యి సరిగా అందక, క్లిప్పు ఉబ్బు నెత్తిమీదే ఆగిపోతుంది. అక్కడ బిగిస్తే పట్టు సన్నటి గీత మీదే పడుతుంది. ఇంజన్ అదురుకు అది మెల్లగా చివరి వైపు జారుతుంది. ఎంత బిగించినా అది ఉబ్బు వెనక్కి వెళ్లదు, రబ్బరు నలుగుతుందంతే. మరీ ఉబ్బుకు ఆనించి పెట్టకుండా కొంచెం ఎడం ఇవ్వండి. రబ్బరు కొసకూ క్లిప్పుకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు వదలండి. ఇందుకోసం పైపు గొట్టం మీదికి కనీసం 25 మిల్లీమీటర్లు ఎక్కాలి. గొట్టమే పొట్టిగా ఉంటే పూర్తిగా ఎక్కించండి.

క్లిప్పు రకం కూడా చూడండి. పట్టీకి చీలికలున్న మామూలు స్క్రూ క్లిప్పును గట్టిగా బిగిస్తే ఆ చీలికల్లోకి రబ్బరు పొంగి తెగుతుంది. నేను ఇంధనానికి అంచులు మడిచిన, నట్టు బోల్టు రకమే వాడతాను. రబ్బరు అంచు దాటి పొంగడం మొదలైతే ఎక్కువ బిగించినట్టే. అలా నలిగిన చివరను కోసేసి, పొడవు చాలకపోతే కొత్త ముక్క వేయండి.

క్లిప్పు సరైనచోటే ఉండి కూడా వాసన వస్తే మూడు చోట్ల చూడండి. పాత పైపును కత్తితో చీల్చినప్పుడు గొట్టం మీద పొడవునా గీత పడిందేమో గోరుతో తడమండి. గోరుకు తగిలే గీత వెంట పెట్రోలు ఊరుతుంది. లోపలి కొలత సరిపోయిందో చూడండి: 6 మిల్లీమీటర్ల గొట్టానికి 8 మిల్లీమీటర్ల పైపు వేసి క్లిప్పుతో సర్దుకోవడం కుదరదు. ఆఖరుగా పైపు మీది అచ్చు చదవండి. పైపు ఎలాంటి లైనుకు తగినదో చెప్పే ప్రమాణం గుర్తు అది. పెట్రోలును ఎక్కువ ప్రెషర్‌తో చిమ్మే ఇంజెక్షన్ బండికి ఎస్‌ఏఈ జె30 ఆర్9 ఉండాలి. ఆర్7 కార్బురేటర్ లాంటి తక్కువ ప్రెషర్ లైన్లకు. దాని గోడలోంచి ఆవిరి కూడా ఎక్కువ బయటికి వస్తుంది, అంటే ఒక్క చుక్క కారకుండానే వాసన రావచ్చు.

ఇరుకు విషయంలో నా పద్ధతి ఇది: ఎయిర్ ఫిల్టర్ డబ్బా ముందే తీసేస్తాను, కనపడని చివరను ముందు బిగిస్తాను. క్లిప్పులు రెండూ పైపుకు ముందే తొడిగి, స్క్రూ తల ఎటు తిరిగితే పానా అందుతుందో అటు తిప్పి పెడతాను. పైపు ఎక్కకపోతే లోపల రెండు చుక్కల శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చాలు. గ్రీజు, సిలికాన్ సీలెంట్ జోలికి పోవద్దు, పెట్రోలుకు అవి నిలవవు, కరిగో ముక్కలుగా ఊడో లైన్లోకి పోతాయి.

పని అయ్యాక బ్యాటరీ కలిపి, స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడుసార్లు ఆన్ చేయండి. ఇంజెక్షన్ బండ్లలో పంపు ప్రతిసారీ కాసేపు తిరిగి లైన్ నింపుతుంది. ప్రతి జాయింటు కిందా పొడి టిష్యూ తిప్పి చూడండి. ఇంజన్ ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్లీ చూడండి.

సాధన: వాడి పారేసిన ఫ్యూయల్ ఫిల్టర్‌ను పూర్తిగా ఆరనిచ్చి, అట్టపెట్టెలో అటూ ఇటూ కదలకుండా బిగించండి. పెట్టెకు చెయ్యి పట్టేంత రంధ్రం మాత్రమే చేయండి. లోపలికి చూడకుండా పైపు ఎక్కించి, క్లిప్పు బిగించి, పెట్టె తెరిచి స్కేలుతో కొలవండి. వరసగా ఐదుసార్లు క్లిప్పు ఉబ్బు వెనకే కూర్చునేదాకా బండి బానెట్ ఎత్తకండి.