దాగిన ఫైళ్లు, రెండో పాఠం: టిక్కు పెట్టినా కనపడనివి

పోయిన పాఠంలో చెప్పింది ఒక్కటే: ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ నొక్కి హిడెన్ ఐటమ్స్‌కు టిక్కు పెట్టమని. విండోస్ 11లో అయితే మధ్యలో షో అని ఇంకో మెట్టు. చాలామందికి, ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే యాప్‌డేటా ఫోల్డరు వెలిసిన రంగులో కనపడింది. కొందరేమో "టిక్కు పెట్టాం, పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మాత్రం రాలేదు" అన్నారు. ఇంకొందరు చెప్పని చోటికీ వెళ్లి, ఆప్షన్స్‌లో 'హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్' దగ్గర టిక్కు తీసేశారు. డెస్క్‌టాప్ మీద డెస్క్‌టాప్.ఐఎన్ఐ ఫైళ్లు రెండు ప్రత్యక్షమయ్యేసరికి వైరస్సేమోనని డిలీట్ కొట్టారు.

అవి వైరస్ కావు. ఫోల్డరు ఎలా కనపడాలో విండోస్ రాసిపెట్టుకునే ఫైళ్లు. ఒకటి మీ డెస్క్‌టాప్‌ది, రెండోది ఆ కంప్యూటర్ వాడేవాళ్లందరికీ ఉమ్మడిగా ఉండే పబ్లిక్ డెస్క్‌టాప్‌ది. పోతే కొంపేమీ మునగదు గానీ, ఆ టిక్కు మళ్లీ పెట్టేయండి. ఆ టిక్కు తీసేటప్పుడు విండోస్ హెచ్చరిక ఇచ్చే ఉంటుంది, చదవకుండా ఎస్ కొట్టి ఉంటారు.

ఇక పెన్‌డ్రైవ్. ఫైలును దాచే గుర్తులు రెండు: హెచ్ అంటే హిడెన్, ఎస్ అంటే సిస్టమ్. హెచ్ ఒక్కటే ఉంటే మన టిక్కు చాలు. రెండూ ఉంటే చాలదు. షార్ట్‌కట్ వైరస్ రెండూ తగిలించి, అదే పేరుతో ఓ షార్ట్‌కట్ పెడుతుంది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకొచ్చాక ఫోల్డర్లన్నిటి మీదా చిన్న బాణం కనపడిందంటే ఇదే. నొక్కితే ఫోల్డరు తెరుచుకుంటోంది కదా అంటారు. తెరుచుకుంటుంది, వైరసూ నడుస్తుంది. ముందు స్కాన్ చేయండి.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరవండి. పెన్‌డ్రైవ్ అక్షరం ఈ (E) అనుకుందాం. డిఐఆర్, ఖాళీ, /ఎ, ఖాళీ, ఈ: అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే, దాగినవాటితో సహా మొత్తం జాబితా వస్తుంది. అందులో మీ ఫోల్డరు కనపడితే ఫొటోలు ఎక్కడికీ పోలేదన్నమాట. ఇప్పుడు గుర్తులు తీసే ఆదేశం అట్రిబ్: ఎటిటిఆర్ఐబి, ఖాళీ, -హెచ్, ఖాళీ, -ఎస్, ఖాళీ, ఆ తర్వాత కోట్స్‌లో ఫోల్డరు పూర్తి దారి. ఉదాహరణకు, "ఈ:\పెళ్లి ఫొటోలు".

నన్ను విసిగించేది ఇక్కడే. -హెచ్ ఒక్కటే కొట్టి, పని చేయలేదంటారు. ఎస్ గుర్తు ఉన్నంతసేపూ అట్రిబ్ హెచ్‌ని ముట్టుకోదు, 'నాట్ రీసెట్టింగ్ సిస్టమ్ ఫైల్' అనేసి ఊరుకుంటుంది. సరే, ముందు -ఎస్ కొట్టి తర్వాత -హెచ్ కొడదామంటే అదీ కుదరదు. హెచ్ ఉంది గనక ఎస్‌ని ముట్టుకోదు, ఈసారి సిస్టమ్ బదులు హిడెన్ ఫైల్ అంటుంది. రెండూ ఒకే వరుసలో పడాలి. ప్రాపర్టీస్‌లో హిడెన్ బాక్సు నొక్కనివ్వకుండా బూడిదరంగులో ఉండేదీ ఆ ఎస్ వల్లే. మౌసుతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. పేరులో ఖాళీ ఉంటే కోట్స్ మరిచిపోవద్దు, లేకపోతే పెళ్లి వేరు, ఫొటోలు వేరు అనుకుంటుంది.

డ్రైవు మొత్తానికి స్టార్ గుర్తు, /ఎస్, /డి తగిలించి ఒక్క దెబ్బతో కొట్టే పద్ధతీ ఉంది. నాకది నచ్చదు. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ లాంటి విండోస్ సొంత ఫోల్డర్లూ బయటపడతాయి, ఎవరో ఒకరు మళ్లీ డిలీట్ కొడతారు. పైగా డ్రైవు అక్షరం పొరపాటున విండోస్ ఉండే సి అని పడితే చెప్పక్కర్లేదు.

మ్యాక్‌లో అయితే ఫైండర్ తెరిచి కమాండ్, షిఫ్ట్, చుక్క కలిపి నొక్కాలి. ఉబుంటు ఫైల్స్‌లో కంట్రోల్ హెచ్. అంతే.

సాధన: డి డ్రైవ్‌లో ఓ ఉత్త ఫోల్డరు చేసి, +హెచ్ +ఎస్‌తో దాచండి. ఏ టిక్కూ మార్చకుండా దాని ఉనికి కనిపెట్టి, అడ్రస్ బార్‌లో దారి కొట్టి లోపలికి వెళ్లండి, ఓ ఫైలు పెట్టి రండి. ఆ తర్వాతే బయటికి తీయండి. ఇంట్లో వాళ్ల చేత దాపించి, మీరు వెతికితే మరీ మంచిది. పేరు మాత్రం ముందే అడగొద్దు.