చలిలో జిగురు పట్టకపోతే

చలికి గడ్డకట్టుకుపోయే షెడ్డులో చెక్కలు అతికించి లేత్ (చెక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం) మీదికి ఎక్కిస్తే, ఒక్కోసారి అతుకు దగ్గరే ఊడిపోతుంది. అక్కడ జిగురు సుద్దలా తెల్లగా, పొడిపొడిగా కనిపిస్తుంది. మామూలు తెల్ల వుడ్ గ్లూ చాలావరకు 10 డిగ్రీల లోపు సరిగ్గా పట్టదు.

ముందురోజు రాత్రే చెక్కల్ని ఇంట్లోకి తెచ్చి పెట్టండి. జిగురు సీసా మూత బిగించి, గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు ఉంచండి. సీసా ఒక్కటే వెచ్చబెడితే లాభం లేదు, చల్లటి చెక్కకి తగలగానే కథ మళ్లీ మొదటికే. అతికించిన చెక్కల్ని నొక్కిపట్టే క్లాంప్ బిగించాక 24 గంటలు ఇంట్లోనే వదిలేయండి. ఇంట్లోవాళ్లు కాస్త గొణుగుతారు, అంతే.

ఒకసారి గడ్డకట్టిన జిగురు కరిగాక కూడా ఉండలుగా, తీగలుగా సాగుతుంటే మాత్రం ఎంత వెచ్చబెట్టినా పనికిరాదు. పారేయండి.