అరవై దాటాక ఇంప్లాంట్ పళ్లా? ముందు ఇవి చూసుకోండి

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లేలోపు ఇంప్లాంట్ పళ్లు (దవడ ఎముకలో స్క్రూ బిగించి, దానిమీద పెట్టేవి) పెట్టించేసుకుందాం అనుకునే పెద్దలకు:

ఎముకల బలానికి మందులు వాడారా? వారానికో అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికో జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్, ఆరు నెలలకో డెనోసుమాబ్... ఎప్పుడో మానేసినా సరే, డెంటిస్టుకు చెప్పండి. అరుదుగానే అయినా, వీటివల్ల దవడ ఎముక మానకుండా పాడైపోవచ్చు. ‘మోకాళ్ల డాక్టరిచ్చిన మందుకీ పంటికీ ఏం సంబంధం’ అనుకుని చాలామంది చెప్పరు. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి. మీ అంతట మీరు మాత్రం మందు ఆపొద్దు.

రక్తం పలచబరిచే మాత్రలూ అంతే. చిగురు నుంచి కారే రక్తాన్ని డెంటిస్టు ఆపగలరు, మాత్ర మానేస్తే వచ్చే గుండెపోటును ఆపలేరు.

షుగరుంటే తాజా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చూపించండి. అదుపులో లేకపోతే పుండు త్వరగా మానదు.

సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపేది) లేకుండా స్క్రూ వేయించుకోవద్దు. పన్ను ఊడి ఏళ్లయితే ఎముక తరిగిపోయి ఉంటుంది. కింది దవడలో నరం ఎక్కడుందో మామూలు ఎక్స్‌రేలో సరిగా తెలియదు.

టికెట్లు తర్వాత. స్క్రూ ఎముకకు పట్టడానికే సాధారణంగా 3 నుంచి 6 నెలలు.

ఇంప్లాంట్ కంపెనీ, సైజు రాసిన కార్డు అడిగి తీసుకోండి. రేపు అది వదులైతే వేరే ఊరి డాక్టరుకు అదే ఆధారం.