రిఫరెన్సుల పని మొదలుపెట్టే ముందు

ఒంగోలు, నెల్లూరు మెడికల్ కాలేజీల్లో పీజీ చేస్తూ మొదటి పేపర్ పంపబోతున్నవాళ్ల కోసం ఈ జాగ్రత్తలు.

▪ ముందు ఆ జర్నల్ రచయితలకిచ్చిన సూచనలు చదవండి. చాలా మెడికల్ జర్నళ్లు వాంకూవర్ పద్ధతి అడుగుతాయి: పాఠంలో ఏ రిఫరెన్సు ముందొస్తే దానికి 1, తర్వాతి దానికి 2, అలా వరుసగా. సాధారణంగా ఆరుగురు రచయితల పేర్లు, ఆపైన ‘ఎట్ ఆల్’ (తదితరులు). కొన్ని జర్నళ్లు ముగ్గురితోనే ఆపమంటాయి.

▪ చదవని పేపర్‌ను ఉదహరించొద్దు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. కనిగిరి వైపు ఫ్లోరోసిస్ గురించి రాసేవాళ్లు తరచూ 1937 నాటి షార్ట్ బృందం పేపర్‌ను ప్రస్తావిస్తారు. ఆ ఏడాది షార్ట్ పేరు ముందున్న పేపర్లు రెండున్నాయి. నెల్లూరు జిల్లా మీద రాసింది ఇండియన్ మెడికల్ గెజెట్‌లో, మద్రాసు ప్రెసిడెన్సీ మీద రాసింది ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చాయి. ఎవరిదో జాబితా కాపీ చేస్తే ఒకదాని శీర్షికకు ఇంకోదాని పేజీ నంబర్లు అంటుకుంటాయి. అసలు పేపర్ తెరిచే సరిచూడండి. అప్పట్లో కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది; ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది కదా అని పాత శీర్షికలో జిల్లా పేరు మార్చకూడదు.

▪ రిఫరెన్సులు అమర్చిపెట్టే జొటెరో, మెండలే లాంటి సాఫ్ట్‌వేర్లు వాడినా తెలుగు పేర్లు విడిగా చూసుకోండి. ఇంటిపేరు, ఇనీషియల్ తారుమారవుతుంటాయి. వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో ఎలా ఉంటే అలాగే ఉంచండి.

▪ ప్రతి డీఓఐ (పేపర్‌కుండే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) లింకు నొక్కి చూడండి. ఏఐ ఇచ్చిన రిఫరెన్సయితే అసలు అలాంటి పేపర్ ఉందో లేదో తేల్చుకోండి. ఉపసంహరించిన పేపర్లను పబ్‌మెడ్ గుర్తుపెట్టి చూపిస్తుంది.

▪ ఒక పేరా జరిపితే నంబర్లన్నీ మళ్లీ చూడాలి. టేబుళ్లలోవి కూడా.