మ్యాప్ చదవడం నేర్పుదాం – 4: ఏది ఎడమ ఒడ్డు?

పోయినసారి దిక్కులు చెప్పుకున్నాం కదా, ఈసారి నదుల దగ్గరికి వద్దాం. మహారాష్ట్రలో, ప్రాణహిత ఒడ్డున ఉన్న మా సిరొంచ పిల్లల్ని "మనం ప్రాణహితకు ఏ ఒడ్డున ఉన్నాం?" అని అడగండి, గోడ మీది మ్యాప్ చూసి సగం మంది టక్కున "కుడి ఒడ్డు" అంటారు. పాపం, వాళ్ల తప్పేం లేదు, మ్యాప్‌లో సిరొంచ నదికి కుడిపక్కనే కనబడుతుంది మరి.

కానీ ఒడ్డు లెక్క మన కుడి ఎడమలతో కాదు, నీళ్లతో. నీళ్లు పోయే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపున్నది ఎడమ ఒడ్డు, అంతే. ప్రాణహిత ఉత్తరం నుంచి దక్షిణానికి పారి గోదావరిలో కలుస్తుంది, దక్షిణానికి తిరిగి నిలబడితే తూర్పు ఎడమ చేతికి వస్తుంది, కాబట్టి మనది ఎడమ ఒడ్డు, అవతల తెలంగాణది కుడి ఒడ్డు.

ఇది నోటితో చెబితే ఎక్కదు. కాగితంతో చిన్న మనిషి బొమ్మ కత్తిరించి, ఎడమ చేతికి ఎర్ర పెన్ను పూయండి. మ్యాప్‌ని నేల మీద పరిచి, తల నీళ్లు పోయే వైపు ఉండేలా బొమ్మను నది గీత మీద బోర్లా పడుకోబెట్టి జరపమనండి. ఎర్ర చెయ్యి ఎటుంటే అది ఎడమ ఒడ్డు. బొమ్మ వీపే మనకు కనబడాలి సుమా! నేను మొదటిసారి ముచ్చటపడి కళ్లూ ముక్కూ గీసి వెల్లకిలా పెట్టాను, చేతులు తారుమారై క్లాసంతా ఒకటే గోల.

బళ్లో మరాఠీ, ఇంట్లో తెలుగు కాబట్టి ఇంకో తికమక కూడా ఉంటుంది. మరాఠీలో ఎడమను డావా అంటారు. మన పాత తెలుగులో ఎడమ కాలు డాకాలు. ఆ రెండూ పక్కపక్కన రాసి చూపించండి, ఇక మర్చిపోరు.

ఇప్పుడు బొమ్మను గోదావరి మీదికి తెండి. సంగమం దగ్గర నీళ్లు తూర్పుకు పోతున్నాయి, కాళేశ్వరం నదికి దక్షిణాన ఉంది. ఏ ఒడ్డు? కుడి. ఇది పిల్లలతోనే చెప్పించండి, మీరు నోరు తెరవకండి.

ఇంటిపని: ఇంద్రావతి మన జిల్లాకీ ఛత్తీస్‌గఢ్‌కీ సరిహద్దుగా దక్షిణానికి పారే చోట మనది ఏ ఒడ్డు? ప్రాణహిత జవాబే ఇక్కడా రాసేసేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్ల కాగితాలు దాచి ఉంచండి, వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.