డిస్కు దోషాల మరమ్మతు – 3వ పాఠం: దిద్దుబాటు ఆదేశాలు

గత పాఠంలో, విండోస్‌లో డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ ఆదేశాన్ని ఏ స్విచ్చూ (ఆదేశం చివర స్లాష్‌తో కలిపి కొట్టే అక్షరం) తగిలించకుండా నడిపి, డిస్కు పరిస్థితిని చదివి చూడడం వరకే నేర్చుకున్నాము. అలా నడిపినప్పుడు ఆ సాధనం డిస్కు మీద దేన్నీ మార్చదు. పైగా, డ్రైవ్ వాడకంలో ఉండగా నడిపితే లేని దోషాలు కూడా ఉన్నట్టు కనబడవచ్చు కనుక, ఆ నివేదిక చూసి వెంటనే కంగారుపడనక్కరలేదు. ఇప్పుడు నిజంగా దిద్దుబాటు చేసే రెండు స్విచ్‌లను తీసుకుందాము.

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వంటి ఊళ్లలో డీటీపీ దుకాణాలు నడిపే మనవారికి వేసవి సాయంత్రపు గాలివానకు కరెంటు పోవడం అలవాటైన విషయమే. తెలుగులోనూ ఒడియాలోనూ కూర్చిన శుభలేఖ సేవ్ అవుతుండగా కరెంటు పోయిందనుకోండి. అక్షరాలు డిస్కు మీదికి చేరి ఉండవచ్చు, కానీ అవి ఏ క్లస్టర్లలో (డిస్కు మీద ఫైళ్లకు కేటాయించే చిన్న గళ్లలో) ఉన్నాయో చెప్పే నమోదు సగంలో ఆగిపోయి ఉండవచ్చు. ఫైల్ సిస్టమ్ అంటే కరణంగారి లెక్కల పుస్తకం వంటిది: ఏ భూమి ఎవరిదో, ఏది బంజరో అందులో రాసి ఉంటుంది. పుస్తకంలో తప్పు పడడం వేరు, పొలమే చవుడు బారడం, అంటే డిస్కే చెడడం, వేరు. ఈ రెండింటి తేడా మనసులో నిలుపుకున్నవారికి ఈ పాఠంలో కష్టమైనదేదీ లేదు.

విండోస్ మీట నొక్కి సీఎండీ అని టైపు చేసి, కనబడిన కమాండ్ ప్రాంప్ట్ మీద కుడి క్లిక్ చేసి, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఎంచుకోండి. ఈ అధికారం లేకపోతే దిద్దుబాటు ఆదేశం నడవదు. నల్లని కిటికీలో సి, హెచ్, కె, డి, ఎస్, కె అనే ఆరు అక్షరాలను కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, పరీక్షించవలసిన డ్రైవ్ పేరైన డి అక్షరాన్నీ దాన్ని ఆనుకొని కోలన్‌నూ కొట్టి, మరొక ఖాళీ వదిలి, స్లాష్, దాన్ని ఆనుకొని ఎఫ్ కొట్టండి. ఇక్కడ కావలసినది ప్రశ్నార్థక చిహ్నమున్న మీట మీది స్లాష్. కొత్తవారు ఎంటర్ మీటకు దగ్గరగా ఉండే వెనక్కి వాలిన గీతను కొట్టి, ఆదేశం పనిచేయడం లేదనుకుంటారు.

ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ సాధారణంగా వాడే ఫైల్ సిస్టమ్) ఉన్న డ్రైవ్‌లో ఈ పని మూడు దశల్లో సాగుతుంది. మొదట ఫైళ్ల నమోదు పట్టిక, తరువాత ఫోల్డర్లలోని పేర్లకూ ఆ నమోదులకూ ఉన్న లంకె, చివర ఎవరికి ఏ అనుమతి ఉన్నదనే వివరం పరిశీలనకు వస్తాయి. డి డ్రైవ్‌లో ఏదైనా ఫైలు తెరిచి ఉంటే, ఆ డ్రైవ్‌ను బలవంతంగా విడదీయమంటారా అని సాధనం అడుగుతుంది. అప్పుడు ఎన్ కొట్టి, తెరిచినవన్నీ మూసి, మళ్లీ నడపడమే మంచిది. సి డ్రైవ్ మీద మాత్రం విండోస్ తానే కూర్చుని ఉంటుంది కనుక, తరువాతి రీస్టార్ట్‌లో పరీక్షించమంటారా అన్న ప్రశ్న వస్తుంది. దానికి వై కొట్టి రీస్టార్ట్ చేయాలి. తెర మీద కొన్ని సెకన్ల గడువు కనబడినప్పుడు ఏ మీటా నొక్కకూడదు, నొక్కితే పరీక్ష రద్దవుతుంది.

ఎఫ్ బదులు ఆర్ కొడితే పుస్తకం దిద్దడంతోపాటు పొలమంతా నడిచి చూడడం కూడా జరుగుతుంది. అంటే ఆర్‌లో ఎఫ్ ఇమిడే ఉంది. రెండూ కలిపి కొట్టనక్కరలేదు. నాలుగో దశలో ఫైళ్లున్న క్లస్టర్లనూ, ఐదో దశలో ఖాళీ క్లస్టర్లనూ చదివి, చెడినవాటికి గుర్తు పెట్టి, వాటిలో చదవగలిగినంత సమాచారాన్ని వేరేచోటికి మారుస్తుంది. ఒక టెరాబైట్ హార్డ్ డిస్కుకు ఇది గంటల తరబడి పట్టే పని. శాతం అంకె చాలాసేపు కదలకపోయినా కంప్యూటర్ ఆపవద్దు. దుకాణంలోని చిన్న యూపీఎస్ కొద్ది నిమిషాలే నిలబడుతుంది కనుక, మబ్బు పట్టిన రోజున ఈ ఆదేశం మొదలుపెట్టకపోవడమే వివేకం.

చాలామంది దేనికైనా ముందుగా ఆర్ కొడతారు. ఇది ప్రమాదకరమైన అలవాటని గట్టిగా చెప్పదలచుకున్నాను. టకటకమని శబ్దం చేస్తున్న డిస్కు, ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు తీసుకుంటున్న డిస్కు యంత్రపరంగా చివరి దశలో ఉండవచ్చు. దానిని గంటల పాటు అంచు నుంచి అంచుకు చదివిస్తే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. అటువంటప్పుడు ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకోవడమే మొదటి చికిత్స. డిస్కు ఆరోగ్యంగానే ఉన్నట్టు కనబడినా, ఎఫ్ కొట్టేముందు కూడా కాపీ ఉండాలి. ఎందుకంటే చెక్‌డిస్క్ కాపాడేది ఫైల్ సిస్టమ్ పొందికనే గాని మీ శుభలేఖను కాదు. పొందిక కోసం చెడిన నమోదును తొలగించవలసి వస్తే తొలగిస్తుంది.

పని ముగిశాక నివేదిక చివరన చెడు సెక్టార్లలో (డిస్కు మీది అతిచిన్న భాగాల్లో) ఎన్ని కిలోబైట్లున్నాయో చెప్పే వరుసను వెతకండి. ఆర్‌తో నడిపాక అక్కడ సున్నా ఉంటే దోషం చాలావరకు లెక్కలదే. వేరే అంకె ఉంటే తేదీతో సహా కాగితం మీద రాసుకోండి; తరువాతి పరీక్షలో అది పెరిగితే కొత్త డిస్కు కొనవలసిందే. రీస్టార్ట్‌లో నడిచిన పరీక్ష నివేదిక తెర మీద నిలవదు కనుక, విండోస్‌లో జరిగినవాటి నమోదులు చూపే ఈవెంట్ వ్యూయర్‌లోని అప్లికేషన్ లాగ్‌లో విన్‌ఇనిట్ పేరిట, 1001 సంఖ్యతో ఉన్న నమోదును తెరిచి చదవాలి.

అభ్యాసానికి ఒక పాత పెన్‌డ్రైవ్ తీసుకొని, అందులోని ఫైళ్లు కాపీ చేసుకున్నాక, ఎఫ్ స్విచ్‌తో నడిపి చూడండి. ఆ తరువాత అందులో ఫౌండ్ అనే పేరు, మూడు సున్నాలు కలిసిన ఫోల్డర్ పుట్టి ఉంటే చెరిపివేయవద్దు. దాని లోపలి ముక్కలతోనే 4వ పాఠం మొదలవుతుంది.