శాతాలు వద్దు, మనుషులను లెక్కపెట్టండి

"ఈ పరీక్ష 99 శాతం కచ్చితం" అని చదవగానే, పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టేనని కంగారుపడేదాన్ని. ఇప్పుడు శాతాలు పక్కన పెట్టి, కాగితం మీద 10,000 మందిని రాసుకుంటున్నాను. జబ్బు వెయ్యిమందిలో ఒకరికి ఉంటుందనుకోండి, అంటే 10 మంది. వాళ్లందరికీ దాదాపుగా పాజిటివే వస్తుంది. మిగిలిన 9,990 మందిలో ఒక శాతం, అంటే సుమారు 100 మందికి, ఏ జబ్బూ లేకుండానే పాజిటివ్ వస్తుంది. మొత్తం 110 మందిలో నిజంగా జబ్బున్నవారు పదిమందే! (మొదటిసారి నమ్మలేక కూడిక రెండుసార్లు సరిచూసుకున్నాను.)

ఒక్క జాగ్రత్త: లక్షణాలు ముందే కనిపిస్తుంటే 'వెయ్యికి ఒకరు' అన్న అంకె చెల్లదు. అప్పుడు డాక్టరును అడిగి, ఆ అంకె మార్చి మళ్లీ లెక్కవేయాలి.